గొర్రెపిల్లను మళ్లీ ఎవరిచ్చారు

శుక్రవారం ప్రార్థనకు గృహకూటం ఎవరింట్లో పెడితే ఆ ఇంటి ఇల్లాలే బైబిలు వాక్యం చదివి, తనకు తోచిన ఒక్క మాట చెప్పాలి. భీమవరం పక్కనున్న ఆ ఊరి సంఘంలో అది ఆనవాయితీ. ఈ వారం వంతు సత్యకుమారిది. ఎనిమిదో తరగతితోనే బడి మానేసిన పిల్ల. నాలుగు రోజుల నుంచి గిన్నెలు తోముతూ కూడా తను చదవాల్సిన భాగాన్ని కూడబలుక్కుంటూనే ఉంది.

చదివినకొద్దీ సందేహాలే. మందలున్న ధనవంతుడు ఇంటికొచ్చిన చుట్టానికి వండిపెట్టడానికి పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్నాడట. పరాయివాడి భార్యను తెచ్చుకున్న రాజు, ప్రవక్త నోట ఆ కథ విని మండిపడి, వాడు నాలుగింతలు ఇచ్చుకోవాలన్నాడట. ఆ మనిషివి నువ్వేనన్నాడు ప్రవక్త. అంతా బాగానే ఉంది. మరి ఆ పేదవాడి సంగతి?

నీళ్ల మాట మాత్రం ఎత్తకూడదని గట్టిగా అనుకుంది. ఏడాది నిండని కూతురు హేమశ్రీకి ఒళ్లంతా దద్దుర్లు. రొయ్యల చెరువు పట్టుబడి అయి ఖాళీ చేసినప్పుడల్లా ఆ ఉప్పునీళ్లు పంటకాలవలోకి వదులుతున్నారు. ఊరి కుళాయిలకు వచ్చేది ఆ కాలవ నీరే. తాగడానికి మంచినీళ్ల టిన్నులు కొనుక్కుంటారు, స్నానానికి కొనగలరా? ఎంత కాచినా ఉప్పు పోదు. ఆ చెరువు సర్పంచి చిట్టియ్యగారిది. సంఘపెద్దా ఆయనే. సత్యకుమారి భర్త కిరణ్ కుమార్ ఆయన చెరువు మీదే రొయ్యలకు మేత వేస్తాడు. నోరు జారితే పని పోతుందని పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

సాయంత్రం చాప మీద పదిమంది కూర్చున్నారు, కుర్చీలో చిట్టియ్యగారు. సత్యకుమారి తడబడుతూనే చదివేసింది. తోచిన మాట చెప్పమంటే ఏమీ తోచక, ఉన్న సందేహమే అడిగేసింది.

"ఆ పేదోడికి గొర్రెపిల్లని మళ్లీ ఎవరిచ్చారండీ?"

"వాక్యం చెప్పవే అంటే పోలీసు ఎంక్వైరీ పెట్టావేంటే," అంది పక్కింటి వెంకటదుర్గ. అందరూ నవ్వారు.

చిట్టియ్యగారు కూడా నవ్వి, అది కథేనమ్మా, ఆ పేదవాడు నిజంగా లేడు అన్నారు. నాయకుడు తన తప్పు తాను తెలుసుకోవడమే అందులో సంగతని విడమరిచి చెప్పారు. చెప్పి చెప్పి గొంతారిపోయి, మంచినీళ్లు అడిగారు.

సత్యకుమారి లోపలికి వెళ్లిందేగానీ మనసంతా ఆ పేదవాడి మీదే ఉంది. తప్పు తెలుసుకుంటే వాడి పాకలోకి గొర్రెపిల్ల నడిచొస్తుందా? ఆ ధ్యాసలో టిన్ను వదిలేసి, పాప స్నానానికి పట్టిన బకెట్లో గ్లాసు ముంచి తెచ్చింది.

ఆయన ఒక్క గుక్క తాగి ఆగిపోయారు. "ఉప్పగా ఉన్నాయేంటమ్మా?"

ఆమె నాలిక్కరుచుకుంది. "తప్పయిపోయిందండి బాబాయిగారూ. పాప స్నానానికి పట్టిన నీళ్లండి."

"కుళాయివేనా?"

"అవునండి."

ఆయన చాప మీద పాకుతున్న పాప వీపు కేసి చూశారు. వీపంతా దద్దుర్లే. ఆయన ఫోన్ తీసి కిరణ్‌కి కలిపారు. "కాలవలోకున్న గొట్టం కట్టెయ్. ఇప్పుడే. రేపు మురుగు డ్రైన్‌లోకి తిప్పిద్దాం." ప్రార్థన చేయకుండానే లేచి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి, ఏం అన్నావని కిరణ్ గుచ్చి గుచ్చి అడిగాడు. గొర్రెపిల్ల గురించేనంది. అతను నమ్మలేదు.

పొద్దున్నే అతను బండి మీద నాలుగు టిన్నులు తెచ్చి గుమ్మంలో దించాడు. కాలవ నీరు మారేదాకా చిట్టియ్యగారు రోజూ పంపుతామన్నారని చెప్పాడు.

నాలుగు. సత్యకుమారి వాటికేసి చూసి అడిగింది. "మనకేనా, వీధందరికీనా?"

"మనకే. ఇంక ఊరుకో, సత్యా."

ఆమె టిన్ను నీళ్లతో పాపకు స్నానం చేయించి, పొడి బట్టతో ఒత్తింది. పక్కింట్లో వెంకటదుర్గ మనవడు కుళాయి కింద కూర్చుని, వీపు గోక్కుంటూ ఏడుస్తున్నాడు.

ఊరుకోమన్నాడు కిరణ్. అయినా పాపను చంకనేసుకుని, చెప్పులు తొడుక్కుని, చిట్టియ్యగారింటి వైపు నడిచింది. ఇంకొక్క సందేహం ఉండిపోయింది. అదీ అడిగేస్తే సరి.