ఎక్స్‌తో ముగిసే మాటలు

క్యూ పక్కన యూ ఉండి తీరాలని బడిలో పంతులుగారు బెత్తం ఊపి మరీ చెప్పారు, అక్కర్లేదట, అలాంటి మాటలు బోలెడున్నాయని ఈ ఫోను చెప్పేదాకా తనకి తెలియదు, తెలిసి మాత్రం ఏం లాభం, వాటిలో ఒక్కదానికీ అర్థం తెలియదు, అక్షరాలు కొడితే చాలు, ఇది ఉన్న మాటలు, దాంతో మొదలయ్యేవి, దీంతో ముగిసేవి, డబ్బాలోంచి పాత గుండీలు కుమ్మరించినట్టు కుమ్మరిస్తుంది, జత కుదిరింది ఏరుకోవడమే, అందుకే కదా ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు గడుల్లో పేర్చి మాటలు కట్టే ఆట మధ్యలో లేచి ఈ స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకోవడం, చప్పుడుకి కుళాయి తిప్పడం, బావగారికి షుగరేమో పాపం, ఇన్నిసార్లు లేస్తున్నారు అని మరదలు అనుకుంటోందేమో, అనుకోనీ, షుగరైతే నలుగురికీ చెప్పుకోవచ్చు.

ఇప్పుడు కావలసింది ఎక్స్‌తో ముగిసేది, మూడక్షరాలది, తను వేసిన బాక్స్ అనే మాటలో ఎక్స్ అలాగే ఉంది, దాని పైన రెండు గడులు ఖాళీ, ఖాళీ అంటే ఇందాక తను ఖాళీ చేయించినవే, తమ్ముడు అక్కడ జెడ్ ఒకటి, ఏ ఒకటి పెట్టాడు, కుడిచెయ్యి పక్షవాతంతో ఒళ్ళో పడి ఉంటే ఎడంచేత్తో, బిళ్ళ జారిపోతే మళ్ళీ పట్టుకుని, పెట్టాక తలెత్తి తన ముఖంలోకి చూశాడు, తను పకపకా నవ్వాడు, జాక్సా, ఇదెక్కడి మాటరా, నీ బుర్రలో తప్ప ఎక్కడా లేదు, తియ్ తియ్, ఇంగ్లీషు మేష్టారివి నువ్వే ఇలా వేస్తే మా దర్జీలం ఏమైపోవాలిరా, తమ్ముడు నోరు తెరిచాడు, మాట పెగల్లేదు, ఎడంచెయ్యి నిలువుగా పెట్టి బల్ల అంచు మీద టపా టపా కొట్టాడు, బిళ్ళలు ఎగిరిపడ్డాయి, అయ్యో కోపం తెచ్చుకోకండీ, ఆటే కదా అని మరదలు భుజం నిమిరింది, వాడు రెండు బిళ్ళలూ వెనక్కి తీసుకుని, తల మీద వేలు ఆనించి, పో, యింది, అన్నాడు.

నోరు పడిపోయాక వాడినుంచి వచ్చిన నిండు మాట అదొక్కటే, పోయింది, మరదలు ముఖం తిప్పుకుంది, తనేమో నా వంతు ఉండండి, ఇప్పుడే వస్తా అని ఫోను జేబులో వేసుకుని వచ్చేశాడు, వేళ్ళు వాటంతటవే నొక్కుతున్నాయి, ఫ్యాక్స్, ఫిక్స్, ఫాక్స్, మిక్స్, సిక్స్, ట్యాక్స్, వ్యాక్స్, అన్నిటికన్నా అడుగున, జెడ్, ఏ, ఎక్స్.

ఉంది.

కుళాయి నీళ్ళు చెంబు నిండి పొర్లుతున్నాయి, నొక్కితే అర్థం వచ్చింది, కప్పు మీద పరిచే రాతిపలకల అంచులు నరకడానికి వాడే కత్తిలాంటి పనిముట్టు, నరకడానికి, అంచులు, బల్ల అంచు, నిలువుగా పెట్టిన ఆ చెయ్యి, టపా టపా, అది కోపం కాదు, వాడు అర్థం చెప్పాడు, నోరు లేక చేత్తో చెప్పాడు, తరగతిలో పిల్లలకి చెప్పినట్టు, అన్నయ్యా, ఇలా నరికేది, అని, తనకి మాత్రం అక్షరాలు తప్ప ఏం కనపడ్డాయి గనక.

దుకాణం బోర్డు గుర్తుకొచ్చింది, ఎందుకు రావాలి ఇప్పుడు, టైలర్‌లో ఐ, ఎల్ తారుమారయ్యాయి, రాసినవాడికీ తెలియలేదు, రాయించిన తనకీ తెలియలేదు, ఒక మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి తమ్ముడు ముక్కాలిపీట ఎక్కి కుంచెతో దిద్దుతున్నాడు, ఎండకి రంగు పోయిందన్నయ్యా, కొంచెం పూస్తున్నా అన్నాడు, అంతే, తప్పు అన్న మాట ఆరోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు, ఎవరి ముందూ నవ్వలేదు, ఆ నవ్వకపోవడాన్నే తను ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాడు, నవ్వి ఉంటే తిట్టి మర్చిపోయేవాడు.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఏమంది, అక్షరాలతో ఆడించండి, తప్పులొచ్చినా పరవాలేదు, తనకింక రాదని ఆయన అనుకుంటే మాత్రం ప్రయత్నమే మానేస్తారు, అప్పుడు నేనేం చెయ్యలేను అంది, మరదలు ఆదివారం ఆదివారం గుమ్మంలోనే ఎదురొచ్చి, మీరొస్తేనే ఈయన కుర్చీలో నిటారుగా కూర్చుంటున్నారు బావగారూ అంటుంది, వెళ్ళి చెప్పాలి, ఆ మాట ఉందిరా, నీ బుర్ర ఎక్కడికీ పోలేదురా అని, చెబితే మీకెలా తెలిసింది అంటారు, స్నానాలగదిలో తెలిసిందనాలి, అంటే ఇన్ని ఆదివారాలూ గెలిచిందంతా ఇక్కడేనని తేలిపోదూ, ఆ మాట బట్టలు కుట్టించుకోవడానికొచ్చే లాయరుగారు ఒకసారి చెప్పారని అంటే, ఛీ, ఇందాక లేదన్నవాడికి లాయరుగారు ఇంతలో ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు, పోనీ ఏమీ అనకుండా కూర్చుని ఓడిపోతే, ఓడిపోతే వాడికేం దక్కుతుంది, వాడికి కావలసింది గెలుపు కాదు, ఆ రెండు బిళ్ళలు.

బావగారూ, టీ చల్లారిపోతోంది, ఒంట్లో బాగానే ఉందా అని మరదలు తలుపవతల నుంచి అడిగింది, ఆ గొంతులో నిజమైన కంగారు, ఆ వస్తున్నానమ్మా అన్నాడు, కుళాయి కట్టేశాడు, అద్దంలోకి చూడకుండా గడియ మీద చెయ్యి వేశాడు, ఇంకో చేతిలో ఫోను వెలుగుతోంది, దాన్ని జేబులో పెట్టబోయి ఆగాడు, వాడు కోలుకోవాలనే వచ్చాను కదా అనుకున్నాడు, అది అబద్ధం కాదు, ఆసుపత్రి వరండాలో ఏడ్చిన ఏడుపూ అబద్ధం కాదు, కానీ ఎంతవరకు కోలుకోవాలో కొలత తనే తీసి పెట్టుకున్నాడు, తనకంటే ఒక్క వేలు తక్కువగా.