జనానా తలుపు

చలపతిరావు దేన్నయినా తూచి చూసే మనిషి. తెనాలి వైపు పల్లె నుంచి పెట్టెడు చీరలతో పటాన్‌చెరులో దిగినప్పుడు మూడు రోజులు ఫ్యాక్టరీ గేటు ముందు ఊరికే కూర్చున్నాడు. లోపలికి వెళ్ళేవాళ్ళలో ఎంతమంది చేతిలో క్యారియర్ ఉందో చూశాడు. క్యారియర్ ఉందంటే ఇంట్లో ఆడమనిషి ఉన్నట్టు. ఆడమనిషి ఉంటే చీర అమ్ముడవుతుంది. నాలుగో రోజున కొట్టు తెరిచాడు. ఆ లెక్క తప్పలేదు.

ఎనిమిదేళ్ళ తర్వాత, డెబ్బై మూడు వేసవిలో, ఇంకో లెక్క వేశాడు. ఇంతమంది సంసారులున్నారు, ఆదివారం వస్తే సినిమాకి పట్నం దాకా పోవాలి. సంగారెడ్డిలో నిజాం కాలంలో కట్టిన గుల్‌నార్ టాకీస్ పదిహేనేళ్ళుగా మూతపడి ఉంది. గోడలు గట్టివి, బొమ్మ వేసే మిషను ఉంది, యజమాని అడిగే కిరాయి తక్కువ. చలపతిరావు కొట్టును ఇంకొకరికి అమ్ముతానని మాట ఇచ్చేశాడు. సోమవారం హాలు కాగితాల మీద సంతకం.

కిరాయి ఎందుకు తక్కువో ఆ మాట ఇచ్చేశాక తెలిసింది. మ్యాటనీ వేళకి మేడ మీద ఆడవాళ్ళ గదిలో, ఊళ్ళో జనానా అంటారు, లోపలి నుంచి తలుపు కొడతారట. లోపల ఎవరూ ఉండరు.

"పావురాలై ఉంటాయి," అన్నాడు భార్యతో.

వీరలక్ష్మి చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "పావురాలైతే కిరాయి ఎందుకు తగ్గిస్తాడండీ? ఆ హాలుకి నేను రాను. మీ పెళ్ళామే రాని చోటికి ఊళ్ళోవాళ్ళ పెళ్ళాలొస్తారా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆడవాళ్ళు రాని హాలుకి సంసారులు రారు. సంసారులు రాకపోతే మిగిలేది బీడీల పొగే. కొట్టూ పోయి, హాలూ నడవక, చీరల పెట్టె నెత్తిన పెట్టుకుని వీధులు తిరగాలి.

"నేనే కూర్చుని చూసొస్తాను," అన్నాడు. "ఏమీ లేదని తేలితే మొదటి ఆట నువ్వు చూడాలి."

"తేలకపోతే?"

చలపతిరావు చెప్పులు వేసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం గుల్‌నార్ గేటు ముందు ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకడు అంజయ్య, ఒకప్పటి ఆపరేటరు, ఇప్పుడు బజారులో రేడియోలు బాగు చేస్తాడు. రెండోవాడు పోచయ్య, ఇరవై ఏళ్ళు ఈ గేటు కాసినవాడు. కాంపౌండు మూల గుడిసె ముందు ఒక ముసలామె పల్లీలు వేయిస్తోంది.

"ఆమె రాజవ్వ," అన్నాడు పోచయ్య. "జనానా పర్దా గుంజేది. హాలు బందైనా ఆమె పోలే."

"అసలు ఏం జరిగిందయ్యా ఇక్కడ?"

పోచయ్య గొంతు తగ్గించాడు. "ముత్యమ్మని ఒకామె ఉంటుండె సేటు. ఉబ్బసం మనిషి. ఆ దినం మ్యాటనీకి జనానల ఆమె ఒక్కతే. కింద మొగోళ్ళ బీడీల పొగంత మీదికే పాయె. ఊపిరాడక తలుపు కొట్టిందంట. తెర మీద బొమ్మల తుపాకుల, ఫిరంగుల సప్పుడు. ఎవ్వలకు ఇనొస్తది? ఇంటర్వెల్ల తలుపు తీస్తే గడప కాడ పడున్నది, పానం పోయి."

"తలుపు ఆమే తీసుకోవచ్చుగా?"

పోచయ్య గేటు తోశాడు. "టైమైతున్నది, నడువు," అన్నాడు.

జనానా మేడ మీద వెనకగా ఉంది, మిషను గదిని ఆనుకుని. కిందివాళ్ళకి కనబడకుండా ముందు నిలువెత్తు పర్దా. దీపాలు ఆర్పాక పర్దా పక్కకి లాగుతారు, వెలిగించే ముందు మూస్తారు. చలపతిరావు తన పద్ధతిలో సోదా చేశాడు. పావురాల రెట్ట లేదు, ఎలుక కన్నం లేదు. తలుపు బరువైన టేకు, గాలికి కదిలేది కాదు. కొట్టు నుంచి తెచ్చిన దర్జీ సుద్ద తీసి తలుపు లోపలి వైపు పైనుంచి కింది దాకా తెల్లగా రుద్దాడు. చెయ్యి అంటూ పడితే అచ్చు పడాలి.

"అంజయ్యా, బొమ్మ వెయ్యి. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి."

"పాత రీలొకటే ఉన్నది సేటు. ఎండి వరుగైంది. తెగితె నన్ననొద్దు."

వాళ్ళు బయటికి పోయారు. దీపాలు ఆరాయి. చలపతిరావు లేచి పర్దా తానే లాగి, మొదటి వరసలో కూర్చున్నాడు. తెర మీద గుర్రాలు పరుగెత్తాయి, ఫిరంగులు పేలాయి. పావుగంట గడిచింది. ఇంతేనా అనుకున్నాడు. సోమవారం సంతకం, దీపావళికి కొత్త బొమ్మ, ముందు ఈ కుర్చీలు బాగు చేయించాలి.

అప్పుడు వెనక తలుపు చప్పుడైంది.

దబ్. కాస్త ఆగి మళ్ళీ, దబ్ దబ్. బయటి నుంచి కొడితే వచ్చే చప్పుడు కాదది. కొట్టేవాళ్ళు గదిలోనే, అతనికి నాలుగు అడుగుల వెనక ఉన్నారు. తల తిప్పడానికి ఎంతసేపు పట్టిందో అతనికే తెలియదు. తిప్పి చూస్తే తెర వెలుగులో తెల్లటి తలుపు, అంతే. ఎవరూ లేరు. ఎవరో ఊపిరి కోసం ఈడుస్తున్న ఈల మాత్రం వినిపించింది. అది తనదే అనుకుని నోరు మూసుకున్నాడు. అది ఆగలేదు.

ఒక్క ఉదుటున పోయి తలుపు తోశాడు. రాలేదు. భుజంతో గుద్దాడు. బయట గడియ పడి ఉంది.

"పోచయ్యా! అంజయ్యా!" అరుస్తూ రెండు అరచేతులతో తలుపు బాదాడు. దబ్ దబ్ దబ్.

పక్కన మిషను గదిలో అంజయ్య కేక వినబడింది, "వామ్మో, ముత్యమ్మ!" ఆ వెంటనే మెట్ల మీద పరుగు. కింద పోచయ్య గొంతు, "ఉరుకు అంజిగా, ఉరుకు!"

తన చప్పుడుకే తనవాళ్ళు పారిపోతున్నారని చలపతిరావుకి అర్థమైంది. ఎంత గట్టిగా కొడితే అంత దూరం పరుగెత్తుతారు.

తెర మీద గుర్రం గాలిలో ఆగిపోయింది. దాని కడుపులో గోధుమరంగు మచ్చ లేచి, పెద్దదై, బొమ్మనంతా మింగేసింది. రీలు తెగి ఇరుక్కుంది, మిషను దీపం వేడికి కాలుతోంది, ఆపేవాడు లేడు. మిషను గది కిటికీలోంచి ఘాటైన పొగ జనానాలోకి దిగింది. రెండు గుక్కలకే ఛాతీ పట్టేసింది. పర్దా అవతలికి దూకుదామంటే కింద ఇనుప కుర్చీలు. మళ్ళీ తలుపు దగ్గరికే వచ్చి కొట్టాడు. అరవడానికి గాలి చాలలేదు. ముత్యమ్మకి కూడా చాలి ఉండదు.

గడియ కిర్రుమంది.

తలుపు తెరుచుకుంది. ఒక ఎండిన చెయ్యి అతని చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చింది. పల్లీల వాసన. రాజవ్వ.

కింద ఎండలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఈలోగా అంజయ్య సిగ్గుపడుతూ తిరిగి వచ్చి, మిషను గదిలో ఇసుక బకెట్లు కుమ్మరించి మంట ఆర్పాడు. పోచయ్య దూరంగా నిలబడి తన కుడిచేతిని చూసుకుంటున్నాడు.

"తప్పైంది సేటు. బొమ్మ మొదలుకాంగనే జనానాకు బయట గడియ పెట్టాలె, ఇంటర్వెల్ దాంక తియ్యొద్దు. మొగోళ్ళు లోపటికి పోకుండ హాలు దొర పెట్టిన కాయిదా. ఇరవై ఏండ్లు పెట్టిన. ఇయ్యాల నువ్వున్నవని తెల్సు, చెయ్యేమో దానంతటదే పోయింది."

చలపతిరావుకి కోపం రావాలి. రాలేదు. రాజవ్వ వైపు తిరిగాడు. "అందరూ పారిపోతే నువ్వెలా వచ్చావమ్మా?"

"ఆ దినం నేను మెట్ల మీదనే కూసున్న," అంది రాజవ్వ. "సప్పుడిన్న. ఇంటర్వెల్ గాలేదని తియ్యలే. గప్పటిసంది ఎప్పుడు సప్పుడైనా ఉరికొచ్చి తీస్తున్న బిడ్డా. తీస్తే ఎవ్వలుండరు. ఇయ్యాల నువ్వున్నవ్."

పొగ పోయాక చలపతిరావు ఒక్కడే మళ్ళీ మేడెక్కాడు. లెక్క సగంలో వదిలేసే అలవాటు లేదు. తలుపు మీద సుద్దలో ఛాతీ ఎత్తున తన అరచేతులు, ఒకదాని మీద ఒకటి. అది సరే. గడప నుంచి మూరెడు ఎత్తున ఇంకో జత ఉంది. పొగలో కూలబడి నేనే కొట్టి ఉంటాను అనుకున్నాడు. వంగి, తన చెయ్యి దాని మీద ఆనించాడు. అచ్చు వేలికొక కణుపు చొప్పున చిన్నదిగా ఉంది. మణికట్టు దగ్గర గాజులు రాసుకున్న గీతలున్నాయి. రోజూ జానలతో, మూరలతో బతికినవాడికి కొలత పొరపాటు పడదు.

ఇంటికొచ్చేసరికి వీరలక్ష్మి గుమ్మంలోనే ఉంది. మసిబారిన చొక్కా చూసి ఒక్కటే అడిగింది. "ఉందా?"

లేదనడం ఎంతో లాభం. నాలుక దాకా వచ్చింది కూడా.

"ఉంది," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

వీరలక్ష్మి మసి చొక్కా విప్పించి బకెట్లో వేసింది. తర్వాత మెల్లగా అంది. "బయట గడియ పెడతారా? అది ఎవరూ చెప్పలేదే. దయ్యం సంగతి తర్వాత. ఆ తలుపు తీసేయించండి, నేను వస్తాను."

ఆదివారం, యజమాని సరేనన్నాక, వడ్రంగి వచ్చి తలుపు ఊడదీశాడు. "అసలు టేకు సేటు, నాకియ్యి, మంచి మంచమైతది," అని బతిమాలాడు. చిరిగిన గోనెసంచి కూడా పారెయ్యని చలపతిరావు వద్దన్నాడు. దాని మీద ఎవరూ పడుకోకూడదు. కాంపౌండులో నేల మీద పరిచి, కిరసనాయిలు పోశాడు. మ్యాటనీ వేళ దగ్గరపడుతోంది.

"జెర ఆగు," అంటూ రాజవ్వ వచ్చింది. తలుపు మీది గడియ మోసుకొచ్చేటప్పుడు జారి మళ్ళీ ముందుకు వచ్చి ఉంది. ఆమె వంగి, రెండు చేతులా దాన్ని పూర్తిగా వెనక్కి లాగింది.

"ఇగ అంటువెట్టు."

గాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది. వడ్రంగి, రాజవ్వ, చలపతిరావు మంట చుట్టూ చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. టేకు చాలాసేపు మాట్లాడకుండా కాలింది. ఉన్నట్టుండి లోపలెక్కడో చెక్క ఠప్పుమంది.

ముగ్గురూ ఒక అడుగు వెనక్కి వేశారు, దారి ఇస్తున్నట్టు.