చిరునామా దొరకనివాళ్లు

ఇరుళాయి పోదనూరు రైల్వే కాలనీలో చీపురు చేతిలో ఉండగానే పడిపోయింది. నేను పది అడుగుల దూరంలో చెత్తబండి తోస్తున్నాను. పరుగెత్తి తల ఒళ్లో పెట్టుకునేసరికే ప్రాణం పోయింది. రెండేళ్ల కిందట సర్కారు బీమా మీద ఆమె గుండెకు పేస్‌మేకర్ పెట్టారు. గుండె మందగించినప్పుడల్లా దాన్ని తిరిగి కొట్టుకునేలా చేసే యంత్రం. ఆ ఉదయం ఆ యంత్రమే ఆగిపోయింది.

తలరాత అనుకున్నాడు ఆమె మొగుడు ఈశ్వరన్. మేమూ అలాగే అనుకుని మట్టి చేసి వచ్చాం.

పదకొండోనాడు కదిరవన్ వచ్చాడు. మా పేటవాడే, ఇరుళాయికి యంత్రం పెట్టిన ఆసుపత్రిలో వార్డులు తుడుస్తాడు. ఫోన్‌లో ఒక ఉత్తరం చూపించాడు. యంత్రం చేసిన కంపెనీ ఆసుపత్రికి రాసింది. ఆ రకంలో బ్యాటరీ హఠాత్తుగా ఆగిపోవచ్చు, పెట్టించుకున్నవాళ్లను వెంటనే పిలిచి మార్చండి అని. ఐదు నెలల కిందటి ఉత్తరం. సొంత ఖర్చుతో పెట్టించుకున్నవాళ్లను ఆసుపత్రి పిలిచి మార్చేసింది. బీమా మీద పెట్టించుకున్న ఆరుగురి పేర్ల పక్కన 'చిరునామా దొరకలేదు' అని రాసుకుని ఊరుకుంది. ఆ లిస్టూ అతని ఫోన్‌లో ఉంది.

ఆ ఐదు నెలల్లో ఇరుళాయి ఆ ఆసుపత్రి గేటు ముందరి రోడ్డును ఎన్నిసార్లు ఊడ్చిందో!

మా పారిశుద్ధ్య కార్మికుల సంఘం ఆఫీసులో అందరూ ఒకేసారి మాట్లాడారు. కొందరు కేసన్నారు. కొందరు గేటు విరగ్గొడదామన్నారు. ముందు మిగతా ఐదుగురినీ వెతకాలన్నాను నేను. వీధులు ఊడ్చేవాళ్లకు దొరకని ఇల్లుంటుందా? ఊరూరి సంఘాలకూ ఫోన్లు చేసి మూడు రోజుల్లో అందరి జాడా పట్టుకున్నాం. వాడిపట్టి ఊరామె అప్పటికే చనిపోయి మట్టిలో ఉంది. నలుగురు బతికున్నారు. వాళ్లలో పెద్దవాడు పళనివేల్, చిన్నమనూరు ద్రాక్షతోటల్లో కూలి.

సోమవారం పొద్దున్నే నలుగురినీ వెంటబెట్టుకుని మూడు వందలమందిమి ఆసుపత్రి గేటు ముందు కూర్చున్నాం. ఆరోజు మా వీధుల్లో చెత్త కదల్లేదు. మేనేజరు రత్నసభాపతి బయటికొచ్చాడు. తోటలూ మిల్లులూ ఉన్న తెలుగు ఇంటివాడు. మాలో మేం మాట్లాడుకునే తెలుగు విని తానూ తమిళం వదిలి తెలుగులోకి దిగాడు.

"మనమంతా ఒకే బాస మాట్లాడేవాళ్లం. ఇంటి గొడవ వీధిలో ఏలమ్మా?"

"బాస ఒకటే ఐయా," అన్నాను. "మీరు పిలిచిన లిస్టులో మావాళ్ల పేర్లు ఏల లేవు?"

మేనేజరు ఒక కాగితం ముందుకు చాపాడు. ఆ నలుగురూ సంతకాలు చేస్తే ఆ క్షణమే లోపలికి తీసుకుంటారట. ఆసుపత్రి పిలిచినా రోగులే రాలేదని అందులో ఉంది.

మాలో మాకే వాదన మొదలైంది. ఈశ్వరన్ వచ్చి ఆ నలుగురి ముందు కూలబడ్డాడు.

"ఆ కాగితంలో కైయెళుత్తు పెట్టండప్పా. పోయినామె పోయింది. మీరన్నా బతకాల."

పళనివేల్ ఆ కాగితాన్ని పక్కకు నెట్టాడు.

"పెడితే నీ పెండ్లాము తన చావు తానే తెచ్చుకున్నట్టు అవుతాది తమ్ముడూ. నా చేత కాదు."

మిగతా ముగ్గురూ పెట్టలేదు.

పోలీసులు మమ్మల్ని వ్యాన్లలోకి ఈడ్చారు. ఆ నలుగురిని ముట్టుకోడానికి మాత్రం ఇన్‌స్పెక్టరుకు ధైర్యం చాలలేదు. మేం ఖాళీ చేసిన చోట రైల్వే కూలీలు వచ్చి కూర్చున్నారు, వాళ్ల పక్కన నర్సింగ్ చదివే ఆడపిల్లలు. మధ్యాహ్నానికి సంతకాలు లేకుండానే తలుపు తెరుచుకుంది. తనకంటే చిన్నవాళ్లను ముందు పొమ్మన్నాడు పళనివేల్. ఆ రోజు ముగ్గురికి యంత్రాలు మార్చారు. మర్నాడు పొద్దున తన వంతుకు గంట ముందు ఆయన గుండె ఆగింది.

అప్పటికి పోలీసులు మమ్మల్ని వదిలేశారు. ఆయన్ని చిన్నమనూరు తీసుకెళ్లాం. ఈశ్వరన్ పాడె వదల్లేదు. నా మాట వినుంటే బతికుండేవాడు గదా అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు.

మట్టి వేశాక ఈశ్వరనే నా వైపు తిరిగాడు.

"ముత్తుసెల్వీ, ఆ కంపెనీ జాబు చదువు. వీళ్లకి తెలవాల."

తమిళంలో ఒకసారి, మా బాసలో ఒకసారి చదివాను. జనంలోంచి ఒక ముసలామె వచ్చింది. మదురై ఆసుపత్రిలో యంత్రం పెట్టించుకుందట. మెడ కింద మచ్చ మీద చెయ్యి పెట్టుకుని, తనది ఏ రకమో చూడమని అడిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు.

మర్నాడు పొద్దున మదురై బస్సులో అరవైమందిమి ఎక్కాం. ఈశ్వరన్ ఆ ముసలామెను చెయ్యి పట్టి ఎక్కించి, ఆమె పక్కనే కూర్చున్నాడు.