భయాన్నీ తూచే కాటా

పేట ఆరోగ్య కేంద్రంలో మంగళవారం మంగళవారం పిల్లల్ని తూచేవాళ్లు. నర్సు తాళం తీసి, గది ఊడ్చి, కాటా ముల్లును సున్నా దగ్గరికి తెచ్చేసరికి వరండా తల్లులతో నిండిపోయేది. పేటంతా ఆవిణ్ణి సూదులమ్మ అనే పిలిచేది.

కాటా విదేశీ సాయంతో వచ్చింది. దాంతోపాటే పిల్లలకు బలం పొట్లాలు. బరువు తక్కువుంటేనే పొట్లం. సరిపడా ఉంటే పేరు కొట్టేస్తారు. పోయినేడు వీధుల్లో రెండు ముఠాలు కాల్చుకున్నప్పటి నుంచి ఆ కాటా భయాన్ని కూడా తూచడం మొదలుపెట్టింది. భయపడ్డ పిల్ల ఎక్కువ తూగితే పొట్లం పోయినట్టే. అందుకే తల్లులు వరుసలో ఉండగానే పిల్లలకు చక్కిలిగిలి పెట్టి నవ్వించేవాళ్లు. పెద్దవాళ్లెవరైనా బరువు చూసుకోవడానికొస్తే, "ముందు పక్కావిడతో కాసేపు పోట్లాడి రా, కిలో తగ్గుతావు," అనేది సూదులమ్మ.

ఆ రోజు సాయం పంపే సంస్థ తరఫున ఫారాలావిడ తనిఖీకి వచ్చి కూర్చుంది. ఇస్త్రీ చేసి బతికే ఒకామె నాలుగేళ్ల కూతుర్ని తెచ్చింది. మొగుడు ఆ కాల్పుల్లో పోతే మరిది పంచన ఉంటోంది. పిల్ల చేతులు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ముల్లు మాత్రం ఇరవై ఒకటి దగ్గర ఆగింది.

"పోయిన నెల పదకొండు," అంది సూదులమ్మ.

"అయితే బాగా కోలుకుంది. పేరు తీసేద్దాం," అంటూ ఫారాలావిడ తలెత్తి పిల్లను చూసింది. కలం పక్కన పెట్టింది. "ఇందులో ఒళ్లెంత, భయమెంత?"

"భయం దించితేగానీ తెలీదండీ."

"నా ఫారంలో ఒక్క గడే ఉంది మరి." ఆవిడ లేచొచ్చి కాటా ముందు గొంతుక్కూర్చుంది. నిజంగానే తెలుసుకోవాలనిపించింది ఆవిడకి.

సూదులమ్మ పిల్లకు చక్కిలిగిలి పెట్టింది. ముల్లు కదల్లేదు, పిల్లా కదల్లేదు.

"ఎందుకు తల్లీ అలా బిగుసుకుపోయావు?"

"కదిలితే పేలుతుందంట."

"ఏంటది?"

"నా పరుపు కింద బాబాయి పెట్టింది."

ముల్లు పద్దెనిమిదికి దిగింది. సూదులమ్మ వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"తుపాకీ అండీ," అంది తల్లి నేల చూపులు చూస్తూ. "పిల్ల పడుకునే చోట ఎవరూ వెతకరంటాడు. ఎవరికైనా చెబితే మా ఇద్దరికీ అదే గతంటాడు. ఎక్కడికి పోను? నోరు కుట్టుకున్నాను. ఇదేమో తింటే పొట్ట కదులుతుందని తిండే మానేసింది."

ఆమె చెబుతున్నంతసేపూ ముల్లు దిగుతూనే ఉంది. పదిహేను, పన్నెండు. చివరికి పది దగ్గర నిలబడింది.

ఫారాలావిడ నిబంధనల పుస్తకం తిరగేసింది. "పదిన్నర లోపుంటే పొట్లాలిచ్చి పంపకూడదు. పట్నం ఆసుపత్రిలో చేర్చాలి. నెల రోజులు, తల్లితో సహా. బండి మాదే."

"ఇంటికెళ్లి బట్టలు తెచ్చుకుంటానండీ."

"ఇంటి మొహం చూడకు," అంది సూదులమ్మ. "బట్టలు నేనిస్తాను. నీ మరిది వస్తే నేను చెప్పుకుంటాలే."

"మిమ్మల్నేమైనా చేస్తాడేమో."

"చిన్నప్పుడు వాడికి సూదులేసింది నేనే. ఇప్పటికీ నన్ను చూస్తే పక్క సందులోకి తప్పుకుంటాడు."

ఫారాలావిడ గడిలో పది అని రాసింది. కాసేపు ఆలోచించి, పక్కనే చేత్తో ఇంకో గడి గీసి, భయం పదకొండు అని రాసుకుంది.

నెల గడిచాక ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీకి మనిషి కావాలంటే ఆ తల్లి అక్కడే కుదురుకుంది. మళ్లీ పేటకు రాలేదు. కానీ ఎవరికైనా చెప్పుకునేది మాత్రం చేరిన మూడో రోజు సంగతే. ఆ మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న పిల్ల నిద్రలో బోర్లా తిరిగింది. కాళ్లు విసిరింది. మంచమంతా దొర్లి, తల్లిని అంచుకు నెట్టేసింది. పిల్ల ఎక్కడ లేస్తుందోనని తల్లి సాయంత్రం దాకా ఆ అంచునే కదలకుండా పడుకుంది.