మిషన్ల ఆవిడ కూతురు

“ఇస్త్రీ చేసేది చేతులేగా, నోరు ఖాళీయే కదా. ఆ జైలు కథేదో చెప్పు,” అన్నాడు భర్త, మంచం మీద కాలు మీద కాలేసుకుని.

ఆమె చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించింది. మర్నాడు పొద్దున ఒక ఆడపిల్లల బడిలో ఆయన ప్రసంగం ఉంది. బడిపిల్లల్ని సెలవుల్లో ఊళ్ళు తిప్పుకొచ్చే సంస్థ ఆయనది. అందరూ ‘యాత్రల సారు’ అంటారు. చిన్నప్పటి ప్రయాణాలు మనిషి చూపును ఎలా మారుస్తాయో ఆయన చెబుతుంటే తల్లిదండ్రులు ఈగ వాలినా తెలియకుండా వింటారు. ఆ పూటే పిల్లల పేర్లు రాయించేస్తారు.

ఆయన చెప్పే ఆ చిన్నతనం ఆమెది.

ఆయన మీసాలొచ్చేదాకా వీధి మలుపు దాటి ఎరగడు. బస్సెక్కితే వాంతులవుతాయని వాళ్ళమ్మ ఎక్కడికీ పంపేది కాదు. ఊళ్ళు తిరిగింది ఆమె. నాన్న ముఖం గుర్తుండే వయసుకు ముందే పోయాడు. అమ్మ కుట్టుమిషన్లు బాగుచేసేది. ఒక చేత్తో పనిముట్ల పెట్టె, ఇంకో చేత్తో కూతురు. బస్సులు, రైళ్ళు, ఏదీ దొరక్కపోతే గడ్డిబండి. ఏ ఇంటికి వెళ్ళినా ముందుగదిలో ఆగే పని లేదు, మిషను ఎప్పుడూ వెనకగదిలోనే ఉంటుంది కాబట్టి. అలా ఆ పిల్లకు లోకం వెనకవైపు నుంచి తెలిసింది. ముందుగదిలో నవ్వుతూ కూర్చోబెట్టిన పెద్దమనిషి వెనకగదిలో ఏం చేస్తాడో తెలిసింది. మిషను బాగైపోయాక కూడా ఆడవాళ్ళు, “ఇంకాసేపు తొక్కుతూ ఉండమ్మా,” అని అమ్మను బతిమాలేవారు. ఆ చప్పుడులో తమ మాట గుమ్మం దాటదని. అమ్మ ఉత్త మిషను తొక్కుతూ ఉండేది, వాళ్ళు చెప్పుకుని ఏడ్చేవారు. ఊళ్ళు మారేవి, భాష మారేది, ఆ చప్పుడు చాటున ఏడుపు మాత్రం మారేది కాదు.

పెళ్ళైన కొత్తలో ఇవన్నీ ఆయనకు చెప్పుకుంది. మనసువిప్పి మాట్లాడటమంటే ప్రేమ అనుకున్న రోజులవి. ఆయన మొదటిసారి వేదికెక్కి, “మా నాన్న మిషన్లు బాగుచేసేవాడు, నన్ను వెంటబెట్టుకుని ఊరూరా...” అన్నప్పుడు నోరు జారిందేమో అనుకుంది. కారెక్కాక, “అది నా సంగతి కదండీ,” అంది. “మొగుడూ పెళ్ళాల మధ్య నీదేంటి, నాదేంటి?” అని నవ్వాడు. అత్తగారు ఇంకా సూటిగా తేల్చేసింది. “వాడి వ్యాపారం కోసం వాడు చెప్పుకుంటే నీకేం అరిగిపోయింది? ఊళ్ళు పట్టుకు తిరిగిన పిల్లని తెచ్చుకుని మేం ఎవరితోనైనా అన్నామా?” అమ్మ పని చుట్టాల ముందు ఎత్తితే సిగ్గుచేటు. అదే పని వేదిక మీద నాన్న చేస్తే గొప్ప.

“నేనూ ఒక యాత్రకి వస్తాను,” అని ఎన్నిసార్లు అడిగిందో. “ఇద్దరం ఊరేగితే అమ్మకి మందులెవరిస్తారు?” అని ఒకటే జవాబు. ఊరూరా పెరిగిన మనిషి వంటింటికీ అత్తగారి మంచానికీ మధ్య నడుస్తూ ఇన్నేళ్ళు గడిపింది.

“వింటున్నావా? రేపటి ముఖ్య అతిథి జైళ్ళ శాఖలో పెద్ద అధికారిగా చేసి రిటైరైందట. జైలు కథైతే ఆవిడ పడిపోతుంది. మీ అమ్మ ఎక్కడో జైల్లో మిషన్లు బాగుచేసిందని అన్నావుగా?”

బల్ల మీద ఆహ్వానపత్రం ఉంది. అందులో ముఖ్య అతిథి ఫొటోను ఆమె పొద్దున్నే చూసింది. జుట్టు నెరిసింది, ముఖం ముడతలు పడింది. కానీ ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన ఆ పాత గాటు అలాగే ఉంది. జైలు గేటు దగ్గర అమ్మ సంచీ వెతికి, “పిల్లని కూడా తీసుకెళ్ళమ్మా, పర్లేదు,” అన్న మనిషే.

ఇస్త్రీ పెట్టెను పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద షెడ్డు. వరసగా మిషన్లు. ఖైదీలు యూనిఫారాలు కుడుతున్నారు. అమ్మ చెడిపోయిన మిషను విప్పుతుంటే ఖైదీలు ఆ పిల్లను దగ్గరకు పిలిచి, “బస్సులో వచ్చావా? దారిలో ఏమేం చూశావు?” అని అడిగారు. పిల్ల ఏదో చెప్పింది. “ఆ తరవాత? వంతెన దాటాక ఏమొచ్చింది? నీళ్ళున్నాయా ఏట్లో?” మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. షెడ్డు మొత్తం ఒక చిన్నపిల్ల నోట ఒక మామూలు రోడ్డును విన్నది. మళ్ళీ వెళ్ళినప్పుడు పిల్ల బస్సులో రెప్ప వెయ్యలేదు. వాళ్ళకు చెప్పాలి కాబట్టి ప్రతి మేకనూ, ప్రతి గోడనూ చూసుకుంటూ వెళ్ళింది. చూడటం ఆమెకు అక్కడే వచ్చింది.

ఇది ఇన్నాళ్ళూ దాచుకున్నది. ఇది కూడా ఇచ్చేస్తున్నావా అని తనను తాను అడిగింది. ఇస్తున్నాను, ఎరగా ఇస్తున్నాను అనుకుంది. ఊరి పేరుతో సహా అన్నీ ఉన్నదున్నట్టే చెప్పింది. ‘ఆడవాళ్ళ జైలు’ అన్న ఒక్క ముక్క తప్ప. ‘ఖైదీ’, ‘వాళ్ళు’ అంటూ జాగ్రత్తగా దాటించింది.

“అబ్బ! అదిరింది,” అన్నాడాయన లేచి కూర్చుని.

పొద్దున కారులో ఒకసారి అప్పజెప్పుకున్నాడు. “ఎలా ఉంది?”

ఆపాలంటే అదే సమయం. “చాలా బాగుంది,” అంది ఆమె.

బడి హాలు కిటకిటలాడుతోంది. ఆయన అద్భుతంగా చెప్పాడు. నాన్న మిషను విప్పుతున్నాడు, పిల్లవాడైన తను దొంగల మధ్య, హంతకుల మధ్య బెదరకుండా నిలబడ్డాడు. గడ్డాలు పెరిగిన మగవాళ్ళు వంతెన మాట విని కంటతడి పెట్టారు. జైలున్న ఊరి పేరు కూడా చెప్పాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న ఆమె కూడా కొట్టింది, అందరికంటే గట్టిగా.

ముఖ్య అతిథి మైకు అందుకుంది. “ఆ జైలు నాకు బాగా తెలుసు. అక్కడ పదేళ్ళు చేశాను. అది ఆడవాళ్ళ జైలండీ. మగపురుగుని లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. మిషన్లు బాగుచెయ్యడానికి ఒకావిడ వచ్చేది, కూతుర్ని తీసుకుని. ఆ పిల్ల దారి సంగతులు చెబుతుంటే నేనూ గుమ్మంలో నిలబడి విన్నాను.” ఆయనవైపు తిరిగి చాలా మర్యాదగా అడిగింది. “ఇంతకీ ఆ గడ్డాలవాళ్ళెవరండీ?”

వెనక వరసల్లో ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు హాలంతా పాకింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నీళ్ళగ్లాసు కోసం తడుముకున్నాడు, చివరికి భార్యవైపు చూశాడు. ఇంట్లో కళ్ళజోడు కనిపించకపోతే చూసే చూపు అది, తెచ్చిపెట్టమని.

ఆమె లేచి వేదికెక్కింది.

“ఆ పిల్లని నేనేనండీ. మిషన్ల ఆవిడ మా అమ్మ. మా ఆయన చెప్పినదాంట్లో దారి నిజం, వంతెన నిజం. మనిషే మారాడు,” అంది. ఆపైన వెనకగదుల గురించీ, ఉత్త మిషను చప్పుడు గురించీ తన నోటితో తనే చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన పక్కనే నిలబడి మొత్తం వినాల్సి వచ్చింది. వేదిక మీద ఆయనకు కుర్చీ వెయ్యడం ఎవరికీ తోచలేదు. ఆమెకు తోచింది, కానీ ఊరుకుంది.

కారెక్కి ఆయన తలుపు ధడాలున వేశాడు. “ఆడవాళ్ళ జైలని ముందే చెప్పి చావచ్చుగా?”

“మీరు అడగలేదు.”

“కావాలనే చేశావు!”

“అవును,” అంది. “వచ్చేవారం పిల్లల్ని యాత్రకి తీసుకెళ్ళడానికి హెడ్మిస్ట్రెస్ నన్ను రమ్మంది. వస్తానన్నాను. అత్తయ్య మందులు మీరు చూసుకోండి.”

ఆయన నోరు తెరిచేలోగా ఫోను మోగింది. ప్రింటింగ్ ప్రెస్సువాడు. ఆయన ప్రసంగాలన్నీ పుస్తకంగా వేస్తున్నారు, ఇవాళ ఊ అంటే అచ్చుకు వెళ్ళిపోతుంది. “మళ్ళీ చేస్తాను,” అని పెట్టేసి, కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఆమెవైపు తిరిగాడు. “అందులో ఉన్నవన్నీ నువ్వు చెప్పినవే. వాటిల్లో ఇంకెక్కడెక్కడ ఇలాంటివి పెట్టావు?”

“అచ్చు కానివ్వండి. చదివినవాళ్ళే చెబుతారు,” అంది.

నిజానికి ఆ పుస్తకంలో అలాంటిది ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి మాత్రం ఆయనకు ఈ జన్మలో చెప్పకూడదని నిశ్చయించుకుంది.