వెనక బల్ల దగ్గర హాజరు

రెండేళ్ళ కాలేజీ ముగించి యూనివర్సిటీకి మారబోయే పిల్లలకు నేను మొదటిరోజే ఒక మాట చెబుతాను. మీరు వెళతారు గానీ మీరు చదివిందంతా మీ వెంట రాదు. ఇంగ్లీషు వస్తుంది, లెక్కలు వస్తాయి. కుండలు చేయడం నేర్చుకున్న క్రెడిట్లు మాత్రం గుమ్మం దాటవు. పిల్లలు నవ్వుతారు. తర్వాత లెక్క చూసుకుని ఏడుస్తారు. నేను కాగితపు రుమాళ్ళ పెట్టె ముందుకు తోస్తాను. కన్నీళ్ళకు క్రెడిట్లు ఇవ్వరని కూడా చెబుతాను, కాస్త కటువైన నోరు నాది.

మాది కాలిఫోర్నియా నడిమి లోయలో, బాదంతోటల మధ్య ఊరు. కాలేజీలో బదిలీల గది నాది. పేరు యూవా లోర్. లావోస్ కొండల నుంచి వలస వచ్చిన మా హ్మాంగ్ వాళ్ళలో ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే కాబట్టి, కాలేజీలో లోర్ పిల్లలందరికీ నేను మేనత్తను. పాన్యాకు కూడా అంతే. ఆ పిల్ల మధ్యాహ్నాలు నా గదిలోనే పనిచేసేది. కరపత్రాలు మడిచేది, ఫోనులకు జవాబు చెప్పేది. నర్సు కావాలని దాని కోరిక. పెద్ద యూనివర్సిటీ వాళ్ళు, సగటు మార్కులు ఒక గీత కిందకు పడకుండా చూసుకుంటే సీటు ఖాయం అని ముందే మాటిచ్చారు. వాళ్ళింట్లో అంత దూరం చదివినవాళ్ళు ఇంతకుముందు లేరు.

అప్పుడు, మే మొదట్లో బయటపడింది, కెమిస్ట్రీలో ఎఫ్, అంటే ఫెయిలు.

జరిగింది ఇది. అక్టోబరులో ల్యాబ్‌లో పక్క బల్ల మీద గాజు ఫ్లాస్కు పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక ముక్క వచ్చి పాన్యా పెట్టుకున్న రక్షణ కళ్ళజోడుకు తగిలి కింద పడింది, అంతే. పిల్ల మాత్రం కొయ్యబారిపోయింది. ఆ తర్వాత ఆ గది ఛాయలకు పోలేదు. ఇంట్లో చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆ గంట తనకు ఖాళీ అని చెప్పి నా గదిలో కూర్చునేది. క్లాసుకు రానివాళ్ళ పేర్లు మాస్టర్లే కొట్టేస్తారు, తన పేరూ కొట్టేసి ఉంటారనుకుంది. కొట్టేయలేదు. డిసెంబరు దాకా పేరు అలాగే ఉంది, చివర్లో ఎఫ్ పడింది, సగటు గీత కిందకు జారింది.

"దీనికి మందుంది," అన్నాను. "మధ్యలో మానేశావు కాబట్టి ఎఫ్ తీయించెయ్యొచ్చు. అక్టోబరు తర్వాత నువ్వు క్లాసుకి రాలేదని మీ మేడమ్ సంతకం పెడితే చాలు. మే నెలాఖరు లోపల అయిపోవాలి."

కెమిస్ట్రీ చెప్పే సిల్వేరా మేడమ్ పోర్చుగీసు పాడిరైతుల ఇంట పుట్టిన మనిషి. అబద్ధం ఆడదు, ఆడనివ్వదు. అర్జీ చదివి నా చేతికే తిరిగి ఇచ్చేసింది.

"నేను పెట్టను యూవా. ఆ పిల్ల రోజూ వచ్చింది."

"రాలేదండీ."

"వెనక బల్ల, కిటికీ పక్కన. డిసెంబరు దాకా ఒక్కరోజు మానలేదు. ఒక్క ముక్క రాసేది కాదు, ఒక్క ప్రయోగం చేసేది కాదు. పిలిస్తే తల ఎత్తి చూసేది. తిడదామనుకుంటే మొహం చూసి జాలేసేది. ఇంకోటి, అందరూ కళ్ళజోడు ఎప్పుడు తీసేద్దామా అని చూస్తారు కదా, ఈ పిల్ల పాఠం చెప్పే రోజుల్లో కూడా తీసేది కాదు."

"మేడమ్, ఆ గంట అది నా ఎదురుగా కూర్చుని కరపత్రాలు మడిచేది. నా కళ్ళతో నేను చూశాను."

"నా కళ్ళతో నేనూ చూశాను."

 నేను చర్చికి వెళ్ళే మనిషిని. మా అమ్మానాన్నల కాలంలోనే పాత పద్ధతులన్నీ వదిలేశాం. అయినా నా చేతుల మీద రోమాలు లేచాయి. అబద్ధమాడితే నాకేమొస్తుంది? ఆమెకేమొస్తుంది?

చివరికి ఆమే దిగొచ్చింది. "సరే. నీ మాటా తీసెయ్యలేను. ఆ పిల్లని ఈ గదికి తీసుకురా. నా కళ్ళలోకి చూసి, రాలేదు మేడమ్ అని ఒక్కమాట చెప్పమను. నా కళ్ళే మోసం చేశాయనుకుని సంతకం పెట్టేస్తా."

ఇంతకంటే సులువేముంది? పాన్యాను వెంటబెట్టుకుని బయల్దేరాను. ల్యాబుల వరండా మొదట్లోనే దాని కాళ్ళు తడబడ్డాయి. సగం దూరం వెళ్ళేసరికి గోడకు చేరగిలబడి జారిపోయింది. చేతులు పట్టుకుంటే మంచుగడ్డలు. బయట ఎండ మండిపోతోంది.

"లోపల ఎవరో ఉన్నారత్తా," అంది.

తలుపు అద్దంలోంచి చూశాను. గది ఖాళీ, మేడమ్ ఇంకా రాలేదు. పాన్యాను కారులో ఇంటికి చేర్చాను.

వాళ్ళ నాయనమ్మను నేను పెద్దమ్మా అంటాను. పెరట్లో నిమ్మగడ్డికి నీళ్ళు పెడుతోంది. అంతా విని గొట్టం కింద పడేసింది.

"ఓసి నా తల్లో! అక్టోబరులోనా? ఈ చలి, ఈ చిక్కిపోవడం, పిలిస్తే పలక్కపోవడం, ఇదంతా అక్కడిదా? నేనేమో ఈ గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు పిలిచాను! ఎన్ని కోళ్ళు పోయాయి! ఎక్కడ జడుసుకున్నావే అంటే ఎక్కడా లేదంటావే, మొద్దూ!"

మావాళ్ళ లెక్కలో మనిషికి ఉండేది ఒక్క ప్రాణం కాదు. జడుసుకుంటే అందులో ఒకటి జారి, జడుసుకున్న చోటే ఉండిపోతుంది. ఎవరో ఒకరు ఆ చోటుకే వెళ్ళి బతిమాలి తీసుకురావాలి. ఇంటి గుమ్మంలో ఎంత అరిచినా దానికి వినపడదు. అందుకే చిన్నపిల్లలు పడితే, ఎక్కడ పడ్డారో ముందు అడుగుతారు మా ఆడవాళ్ళు, దెబ్బ తర్వాత చూస్తారు.

"పెద్దమ్మా, నువ్వు అక్కడికి రావాలంటే అనుమతి..."

"నాకు ఏ అనుమతీ అక్కర్లేదు. కావాలంటే నీకే కావాలి, తెచ్చుకో."

పాస్టరు గారికి తెలిస్తే ఏమంటారో అనుకున్నాను. కానీ ఆ పిల్ల గదిలో అడుగు పెట్టకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే సీటు లేదు. నా మనసుకు ఆ ముక్కే చెప్పుకున్నాను.

నేను అడిగితే సిల్వేరా మేడమ్ శనివారం ఉదయం గది తెరిచింది. వచ్చేటప్పుడు పెద్దమ్మ నా కారులో ముందు సీట్లో బుట్ట పెట్టి తను వెనక కూర్చుంది. బుట్టలో గిన్నెడు బియ్యం, గుడ్డు, అగరొత్తులు, మడతపెట్టిన పాన్యా చొక్కా, కాళ్ళు కట్టిన కోడిపెట్ట. ఆ సరంజామా చూసి మేడమ్ కళ్ళజోడు ఒకటి తీసి పెద్దమ్మకు ఇచ్చింది.

"ఇదెందుకు?"

"గదిలోకి ఎవరొచ్చినా పెట్టుకోవాల్సిందేనట పెద్దమ్మా."

"నేను పిలిచే పిల్ల నా మొహం గుర్తుపట్టొద్దూ?" అని గొణిగి పెట్టుకుంది. మేడమ్ కోడికి కూడా పెట్టమంటుందేమోనని నాకు నవ్వు ఆగలేదు.

అగరొత్తులు వెలిగిస్తే పొగకు ప్రమాద గంట మోగుతుందని, మేడమ్ పొగ పీల్చే గాజు గూడు చూపించి పంకా వేసింది. పెద్దమ్మ గభాలున ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆపమను, ఆపమను! పొగతోపాటు పిల్లని కూడా లాగేస్తుంది." మేడమ్‌కు నేను ఆ మాట చెప్పాను. ఆమె పంకా ఆపేసి, కిటికీ తెరిచి, పక్కకు నిలబడింది.

పెద్దమ్మ వెనక బల్ల ఎదురుగా నిలబడి పిలవడం మొదలుపెట్టింది. పాడినట్టూ ఉంటుంది, మందలించినట్టూ ఉంటుంది ఆ పిలుపు. పేలిన గాజు ఎప్పుడో ఊడ్చేశారమ్మా, ఇక్కడ నీకు కంచం లేదు, పక్క లేదు, మీ అమ్మ చిక్కుడుపాదు వేసింది, కాయలు ముదిరిపోతున్నాయి, లేచి రా. గాలి లేదు. కిటికీ తెర కూడా కదల్లేదు. కోడి మాత్రం ఉన్నట్టుండి అరుపు ఆపి, వెనక బల్లకేసే చూస్తూ ఉండిపోయింది. నేను అటు చూడలేదు. భయమేసింది, దాచుకోవడమెందుకు?

పెద్దమ్మ చొక్కాను గాల్లో ఆడించి, చటుక్కున మడిచి బుట్టలో పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచింది. కోడిని తన ఒళ్ళో పెట్టుకుంది. బుట్ట మళ్ళీ ముందు సీట్లో. వచ్చేటప్పుడు కోడితో సహా ఉన్న బుట్ట అది, ఇప్పుడు చొక్కా, బియ్యం, గుడ్డు తప్ప అందులో ఏమీ లేవు. కారు కదిలించాను. బెల్టు పెట్టుకోమని కారు మోగడం మొదలుపెట్టింది. నా బెల్టు పెట్టుకునే ఉన్నాను. పక్క సీటులో మనిషి ఉన్నట్టు గుర్తు ఎర్రగా వెలుగుతోంది, వచ్చేటప్పుడు అది వెలగలేదు.

అద్దంలో పెద్దమ్మను చూశాను. ఆమె ముందుకు వంగి, బుట్ట చుట్టూ బెల్టు లాగి పెట్టింది. మోత ఆగింది.  మలుపుల దగ్గర నేను ఎప్పుడూ నడపనంత నెమ్మదిగా నడిపాను.

ఇంటి గుమ్మంలో పెద్దమ్మ, "వచ్చిందా?" అని గట్టిగా అడిగింది. లోపల్నుంచి పాన్యా వాళ్ళమ్మ, "వచ్చింది, వచ్చింది," అంది. చొక్కా తొడిగారు, మణికట్టుకు తెల్లదారాలు కట్టారు. పాన్యా గిన్నెడు అన్నం, కోడి పులుసు తిని, ఇంకా ఉందా అని అడిగింది. వాళ్ళమ్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

సోమవారం పాన్యా ల్యాబుల వరండాలో నాకంటే ముందు నడిచింది. చేతులు వెచ్చగా ఉన్నాయి. నాకు సంబరం, అర్జీ చేతిలో సిద్ధంగా ఉంది. గదిలోకి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే వెనక బల్ల దాకా పోయి, కిటికీ పక్కన చెయ్యి ఆనించి నిలబడింది. పేలుడు జరిగిన రోజు దాకా పాన్యా కూర్చునేది ముందు వరసలోనని, ఆ వెనక బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చోలేదని నాకు తర్వాత తెలిసింది.

"చెప్పమ్మా," అంది సిల్వేరా మేడమ్. "అక్టోబరు తర్వాత వచ్చావా, రాలేదా?"

పాన్యా బోర్డు వైపు చూసింది. 

"రాలేదని చెప్పవే," అన్నాను. "నా గదిలో లేవూ నువ్వు?"

"ఉన్నానత్తా. అక్కడా ఉన్నాను." తర్వాత మేడమ్ కళ్ళలోకి చూసింది. "వచ్చాను మేడమ్. రోజూ వచ్చాను. ఆఖరి రోజు మీకు జలుబు చేసింది. పాఠం సగంలో ఆపేసి, మిగతాది మీరే చదువుకోండి అన్నారు."

మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది.

నేను పాన్యా రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను. కోపంతో ఒళ్ళు మండుతోంది. "నీకేమైనా బుద్ధుందా? ఒక్కమాట! సీటు చేతిదాకా వచ్చింది. నీ శరీరం నా గదిలో ఉంది, నియమానికి శరీరమే లెక్క. రాలేదంటే అబద్ధం కూడా కాదు."

"తెలుసత్తా."

"మరి?"

"రాలేదంటే, అక్కడ కూర్చున్నది నేను కాదన్నట్టే కదా. ఎవరూ కాదన్నట్టు. అలా అని సంతకం పెట్టించుకుంటే అది వింటది. మళ్ళీ పోయి అక్కడే కూర్చుంటది. నేను యూనివర్సిటీకి పోతా, అది ఇక్కడే ఉండిపోద్ది. ఈసారి నాయనమ్మ పిలిచినా రాదు." పాన్యా గోడకు ఆనుకుంది. "నాకు సీటు కావాలత్తా. ఎంత కావాలో నీకు తెలుసు." అని ఏడవడం మొదలుపెట్టింది. రుమాళ్ళ పెట్టె నా గదిలో ఉంది. నా చొక్కా చేతితోనే దాని మొహం తుడిచాను.

ఆ సీటు నెలాఖరుకు పోయింది. నేను ఫోనులో ఎంత వాదించినా నియమం నియమమే అన్నారు. నేనైనా అదే అని ఉండేదాన్ని. ఆకురాలు కాలంలో పాన్యా అదే కోర్సుకు మళ్ళీ పేరు రాయించుకుంది. పాత ఎఫ్ మీద కొత్త మార్కు వస్తుంది, ఏడాది ఆలస్యంగా వెళుతుంది. అదంతా తర్వాతి మాట. ఆ రోజు వరండాలో నాకు తట్టింది ఒక్కటే ప్రశ్న.

"అన్ని నెలలు అక్కడేం చేశావే?"

"రాసుకుందామంటే చేతులు ఉండేవి కావత్తా. వింటూ కూర్చునేదాన్ని." ముక్కు ఎగబీల్చింది. "క్లాసు అయ్యాక అందరూ సంచులు తీసుకుని పోయేవాళ్ళు. మేడమ్ లైటు ఆపి తాళం వేసేది. నన్ను కూడా రమ్మంటారేమోనని చూసేదాన్ని. ఒక్కరూ అనలేదు."

అర్జీని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కాను. ఆ పూట ఇంకా చాలామంది పిల్లలు నా గది బయట వరసలో ఉన్నారు. వాళ్ళను రేపు రమ్మన్నాను.

"పద," అన్నాను పాన్యాతో. "ఇంటికి పోదాం."