మొక్కుకోడి మెచ్చిన ఈగ

మా ఆవిడ స్వరాజ్యం చీరలకు పీకో కుడుతుంది. నేను కోడికి ఈక పీకుతాను. ఇద్దరిదీ పీకో పనే కదా అంటే ఆమె ఒప్పుకోదు.

గొడవంతా ఆ పీకో మిషను మీదే. సిద్దిపేటలో మా దుకాణం ఎంత విశాలమంటే, కస్టమరు లోపలికి రావాలంటే నేను బయటికి పోవాలి. ఆ జాగాలో స్వరాజ్యం మిషను. ఆమె అన్నానికి లేచిందంటే చాలు, మిషను పాదం కింద నేను చేపల కొక్కెం బిగించి, దానికి దారం చుట్టి, ఈకలు కట్టి, ఈగలు తయారుచేస్తాను. నిజం ఈగలు కావు. నీళ్ళ మీద వాలిన పురుగులా కనపడి చేపను బోల్తా కొట్టించే బొమ్మ ఈగలు. ఎవరో తెల్లాయన మోకాళ్ళ లోతు ఏట్లో నిలబడి, ఇలాంటి ఈగను విసిరి, చేపను పట్టి, దానికి ముద్దుపెట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేయడం ఫోనులో చూశాను. ముద్దు సంగతి నచ్చలేదు, వదిలేయడం అసలే నచ్చలేదు. మిగతాదంతా నచ్చింది. గాలం గడ తెప్పించా. అప్పటినుంచి చేతిలో ఈగ, నెత్తిలో ఈగో.

మొదట్లో ఆ తెల్లాయన కట్టిన ఈగలనే కట్టా. మన చేపలు వాటివంక కన్నెత్తి చూస్తే ఒట్టు. తరవాత తట్టింది: ఆ పురుగు మన జిల్లాలో పుట్టనే లేదు. చూడని పురుగు మీద మన కొర్రమట్ట చేపకు ఆశ ఎట్లా పుడుతుంది? దానికి తెలిసిన విందు పెట్టాలి. తొలకరి చినుకు పడగానే పుట్టలోంచి లేచే ఉసిళ్ళున్నాయే, రెక్కలొచ్చిన చెదపురుగులు, అవి నీళ్ళ మీద రాలితే చేపలు పెళ్ళిలో రెండో బంతికి నిలబడ్డ చుట్టాల్లా ఎగబడతాయి.

ఉసిలిని కట్టడం మొదలుపెట్టా. పొట్టకు దుబ్బాక నుంచి తెచ్చిన గోధుమరంగు నూలు. రెక్కలకు కొత్త చీర కవరు. ఆ పల్చటి ప్లాస్టిక్‌ను సన్నగా కత్తిరిస్తే అచ్చం ఉసిలి రెక్కే. కాళ్ళకు మాత్రం పుంజు మెడ ఈక కావాలి. అది లేకపోతే ఈగ తేలదు, నా బతుకూ తేలదు.

మా పెరట్లో ఉన్నది ఒకటే పుంజు. అది మా అత్త అంజవ్వ పోచమ్మకు మొక్కిన కోడి. తన బిడ్డ స్వరాజ్యం మోకాలినొప్పి తగ్గితే బోనాలకు పుంజునిస్తానని మొక్కింది. మోకాలు బాగైంది, కోడి మా ఇంట్లో పెరుగుతోంది. మొక్కుకోడిని కొట్టరాదు, తిట్టరాదు. "ఈకంత వంక గూడ రావద్దు అల్లుడా" అని చెప్పి మరీ పోయింది అత్త.

ఈకంత! నాకు కావలసిందీ అంతే. ఒక్కటే అనుకున్నా. ఉసిలి నాలుగు రెక్కలతో సరిపెట్టుకుంటుంది గానీ, మనిషి ఒక్క ఈకతో ఆగుతాడా? కొన్నాళ్ళకు పుంజు మెడ నా నడినెత్తిలా నున్నబడింది.

ఆ తరవాతే స్వరాజ్యం పట్టుచీర ఒకటి పట్టుకుని నా మీదికొచ్చింది.

"ఏందయ్యా గిది? సంగీత మేడం చీర అంచుకు ఈక కుట్టుకపోయింది! ఆమె కాలేజీల పాఠం చెప్తుంటె ఎనుక బెంచీలోల్లు కొక్కొరొకో అన్నరట!"

"పట్టుచీరకు పక్షి బార్డరు, కొత్త ఫ్యాషన్..."

"సాలు నీ పరాష్కాలు. ఇగ ఇను. మిరుగం నాడు మా తమ్ముడు నరహరి పొలం కాడ అందరం కూడుతం గదా. ఆ పులుసుల పడే శాప నీ ఈగతోని పట్టిందే కావాలె. పట్టకపోతె నీ గడ మా అవ్వ చిక్కుడు పందిరికి, నీ ఈకల డబ్బ పెంటకుప్పకు. మల్ల ఈగ అన్న మాట ఈ ఇంట్ల ఇనవడద్దు."

మిరుగమంటే మృగశిర కార్తె మొదటిరోజు. ఆ రోజు చేప ఉడకని ఇల్లు మా వైపు ఉండదు. మార్కెట్లో చేపలకన్నా ముందు మనుషులకు ఊపిరాడదు. అలాంటి రోజు నా ఈగకు పరీక్ష! నా గడ అత్త చిక్కుడుతీగకు ఊతకర్ర కావడం ఊహించుకుంటేనే గుండె చిక్కుడుకాయలా ముడుచుకుంది. అయినా మీసం తిప్పి సరేనన్నా.

అంతలో అత్త ఫోను. "మిరుగం నాడు కోడిని గూడ తీస్కరాండ్రి. ఇగ బోనాలదాంక నేనే సాదుకుంట."

బోడిమెడ కోడితో అత్త ముందు ఎట్లా నిలబడేది? పాత ధోవతి అంచు చింపి, పసుపులో ముంచి, పుంజు మెడకు మఫ్లర్‌లా చుట్టాను.

మిరుగం ముందురోజు సాయంత్రమే నరహరి పొలమున్న దుబ్బాకలో చినుకులు పడ్డాయి. పొద్దున్నే పొలం పక్క కుంట గట్టుకు చేరి, పుంజును గంప కింద మూశాం. అత్త గంప ఎత్తి కోడిని చూసి మురిసిపోయింది.

"సూశిన్రా మా అల్లున్ని! దేవుని కోడని పసుపు గుడ్డ గట్టిండు. గీ బుద్ధి ఎంతమందికుంటది?"

స్వరాజ్యం నావైపు చూసిన చూపులో నమ్మకం తప్ప అన్నీ ఉన్నాయి.

నరహరి మూడురాళ్ళ పొయ్యి మీద గిన్నె పెట్టాడు. "చింతపండు నానింది బావా. మార్కెట్ల శాపలు ఎప్పుడో ఒడిశినయట. నువ్వు పట్టకుంటె ఇయ్యాల మిరుగానికి చింతపండు చారే."

గడ ఎత్తాను. ఈ పద్ధతిలో ఈగను ఊరికే వేయకూడదు. దారాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి ఊపి వదలాలి. 

"ఏంది బావా, ఈగల్ని తోల్తున్నవా?"

"తోల్తున్ననురా, నీళ్ళలకు!"

కుంట నడిమధ్యన, బాగా లోతున్న చోట దించా. నా ఉసిలి నాలుగు రెక్కలూ విప్పుకుని, షోకేసులో చీరలా తేలింది. చేప లేదు, చేప నీడ లేదు. మళ్ళీ వేశా. మళ్ళీ మళ్ళీ వేశా.

"శాపలు ఒక్కపొద్దున్నయా ఏంది?" అంది అత్త.

అప్పుడే నా వెనక గట్టు మీది పుట్టలోంచి నిజం ఉసిళ్ళు లేచాయట. నా కళ్ళు నీళ్ళ మీదుంటే నాకేం తెలుసు? "పాపం, దేవుని కోడి, నాల్గు ఉసిళ్ళు తిననీ" అని అత్త గంప పైకెత్తిందట. నేను దారాన్ని వెనక్కి విసిరి, నరహరి మళ్ళీ చేసిన ఎగతాళికి జవాబు చెప్పేందుకు ఒక్క క్షణం ఆగాను. ఈగ గట్టు మీద వాలింది. జవాబు చెప్పి గడను ముందుకు లాగితే... బరువు!

"పడ్డది! పడ్డది! నరహరీ, పెద్ద గిన్నె పెట్టు! కొర్రమట్ట గాదురా ఇది, కొర్రమామ!"

"బావా, శాప ఎనుకకు గుంజుతుందేంది?"

"పెద్ద శాప ఎటన్న గుంజుతది!"

"కొక్కొక్కొ అని గూడ అంటదా?"

వెనక్కి తిరిగాను. దారం చివర మొక్కుకోడి గంతులేస్తోంది. పసుపు గుడ్డ ఊడి కాళ్ళ దగ్గర పడింది. బోడిమెడ ఎండలో తళతళ మెరుస్తోంది.

గడ పడేసి పరిగెత్తా. తెల్లాయన చెప్పినట్టు కొక్కెం మొన దగ్గర ఊడకుండా పట్టే ఎదురుముల్లును పట్టకారతో ముందే నొక్కేశాను కాబట్టి బతికిపోయాం. పుంజు తల విదిలించగానే ఈగ ఊడి బురదలో పడింది. చుక్క నెత్తురు లేదు. నాకే నెత్తురు చుక్క లేదు.

అత్త కోడిని చంకలోకి తీసుకుంది. "రమాకాంతూ, దీని మెడకేమైంది?"

నేను ఊడిపడ్డ పసుపు గుడ్డను ఏరుకున్నా. "ఈకలు... ఈగలైనయ్ అత్తా."

"గడ తే తమ్మీ" అంది స్వరాజ్యం. "చిక్కుడు పందిరి ఏద్దాం."

నరహరి గడ అందుకోబోయాడు. ఆలోగా అత్త వంగి బురదలోని ఈగను తీసింది. వెలుతురుకు పట్టి చూసింది. పక్కన పాకుతున్న నిజం ఉసిలిని కూడా తీసి, అరచేతిలో రెంటినీ పక్కపక్కన పెట్టింది. చంకలోని పుంజు మెడ చాచి టక్కున పొడిచింది నా ఈగనే!

అత్తకు నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ఉసిళ్ళ మీద కోడికున్నంత నజరు ఎవలకున్నది? గదే మోసపాయె, శాపెంత? అల్లుడా, ఒక్కపారి మల్ల ఎయ్యి. పడితె పోచమ్మ నిన్ను మన్నించినట్టు. పడకుంటె బోనాలదాంక గంప కింద నువ్వే కూసుంటవ్."

గడ నా చేతికొచ్చింది. కోడి పొడిచిన ఈగకు రెండు రెక్కలు ఊడాయి, మిగతావి పక్కకు వాలాయి. వేరేది కడదామని డబ్బా తెరవబోతూ నీళ్ళవైపు చూశాను. రాలుతున్న నిజం ఉసిళ్ళలో ఒక్కటీ షోకేసు చీరలా లేదు. అన్నీ రెక్క ఊడినవే, తడిసి ఒరిగినవే. పైగా అవి రాలుతున్నది నడిమధ్యన కాదు. గాలి వాటిని గట్టువారన తుంగ దగ్గరికి తోస్తోంది. అక్కడ నీళ్ళు బుడబుడమంటున్నాయి. ఇంతసేపూ నేను విందు ఒకచోట జరుగుతుంటే ఇంకోచోట విస్తరి వేశాను!

డబ్బా మూశా. గాలిలో విన్యాసాలు మానేసి, కోడి ఎంగిలి చేసిన ఆ ఈగనే తుంగ పక్కన మెల్లగా జారవిడిచా. 

నీళ్ళు నోరు తెరిచాయి. ఈగ లేదు. గడ వంగింది, ఈసారి ముందుకు.

"బావా, ఇది కొక్కొక్కొ అంటలేదు!" అని నరహరి కుంటలోకే దూకి, దుబ్బాక తువ్వాలతో కొర్రమట్టను చుట్టి గట్టు మీద పడేశాడు. స్వరాజ్యం ఉరికి వచ్చి, అది మళ్ళీ నీళ్ళలోకి ఎగరకుండా రెండు చేతులతో అదిమి పట్టి, నావంక చూసి నవ్వింది. ఆ నవ్వు ముందు చేప చిన్నదే.

పులుసు తింటూ నరహరి పేచీ పెట్టాడు. "ఈగ కట్టింది బావ. రెక్కలు సరిజేసింది కోడి. సగం శాప కోడిదే." స్వరాజ్యం తీర్పు చెప్పింది: గడ నాది, మిషను ఆమెది, ఇక పాదం కింద కొక్కెం కనపడితే నా పాదాలు విరుగుతాయి. అత్త ఊరివైపు తిరిగి దండం పెట్టి, పోచమ్మకు వేరే పుంజును ఒప్పుకుంది. దాన్ని నేనే తెచ్చివ్వాలి, ఆ తరవాత బోనాలదాకా అది నా కంట పడకూడదు. "మరి గీ బోడిమెడ దాన్ని?" అని నరహరి మిగిలిన మసాలావైపు చూశాడు. నేను పుంజును కౌగిలించుకుని స్కూటరు దాకా వదల్లేదు.

ఇప్పుడు గంప బోర్లించి, దాని మీద ఈగలు కడుతున్నా. పుంజు ఎదురుగా కూర్చుంటుంది. కట్టడం అయ్యాక కొక్కెం మొనకు బెండు ముక్క గుచ్చి దాని ముందు పెడతా. పొడిస్తే డబ్బాలోకి, మొహం తిప్పుకుంటే దారం విప్పడమే. మెడ మీద ఈకలు మళ్ళీ నిండాయి. వాటంతట అవి రాలినవే ఏరుకుంటున్నా, ప్రమాణం చేశాను మరి.

నిన్న సంగీత మేడం మరో పట్టుచీర తీసుకెళ్ళడానికి వచ్చి, గడప దగ్గరే ఆగింది. "ఈసారి అంచు మంచిగ చూసిన్రా?"

నేను చీర మడత విప్పి పట్టుకున్నా. పుంజు దర్జాగా నడిచొచ్చి, అంచు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒంటికన్నుతో పరికించి, ఆసక్తి లేనట్టు మొహం తిప్పుకుంది.

"తీస్కపోండ్రి మేడం" అన్నా. "ఇన్‌స్పెక్టర్ సాబ్ పాస్ చేసిండు."